కుంకుమ బొట్ల తాళం

అనగనగా అని మొదలయ్యే కథలు మీరు చాలానే విని ఉంటారు. ఈ కథలో సింహాసనమూ ఉంది, కరెంటూ ఉంది. అడవికి కరెంటు ఎవరిచ్చారని మాత్రం అడక్కండి, కథ అక్కడే ఆగిపోతుంది.

సింగాలకోన అడవికి సింహం రాజు, నక్క మంత్రి. అక్కడ ఏటి రేవు దగ్గర ఒక ఇనుప పెట్టె ఉండేది. ఉసిరికాయ వేసి మీట నొక్కితే నువ్వుండ రాలేది. పెట్టె వెనక తలుపుకి వడ్రంగిపిట్ట చేసిన కరెంటు తాళం. దానికి తాళంచెవి లేదు, పది అంకెల మీటలున్నాయి. నాలుగు రహస్యపు అంకెలు వరసగా నొక్కితేనే తెరుచుకుంటుంది. ఆ అంకెలు పెట్టెను నింపే ముసలి ఉడుత తులశమ్మకి ఒక్కదానికే తెలుసు.

తులశమ్మకి భక్తి జాస్తి. ప్రతి శుక్రవారం పొద్దున్నే పెట్టెకి పసుపు రాసి, పది మీటలకీ పది కుంకుమ బొట్లు పెట్టేది. ఆ తర్వాతే అంకెలు నొక్కి తలుపు తీసి, నువ్వుండలు నింపేది.

ఒక శుక్రవారం సాయంత్రానికి, సరిపడా ఉసిరికాయలు పడకుండానే పెట్టె ఖాళీ అయిపోయింది. తాళం మీద చిన్న గీత కూడా లేదు.

"నా తాళం సుత్తికి లొంగదు, పంటికి లొంగదు," అంటూ వడ్రంగిపిట్ట తలుపుకి ఇంకో రేకు బిగించి వెళ్లింది.

రెండో శుక్రవారం మళ్లీ ఖాళీ. రహస్యపు అంకెలు మార్పించారు. మూడో శుక్రవారమూ అదే వరస.

"ప్రభూ, అంకెలు తెలిసింది ఒక్కరికే. ఇంక విచారణ దేనికి?" అంది నక్క.

"తులశమ్మా, వచ్చే శుక్రవారం కూడా పెట్టె ఖాళీ అయిందంటే నువ్వు పిల్లాపాపలతో ఈ అడవి విడిచి పోవాలి," అన్నాడు రాజు.

"నేను తియ్యలేదు మహారాజా," అంది తులశమ్మ. ఎవరూ వినిపించుకోలేదు. పక్క కొమ్మ వాళ్లు కూడా పలకరించడం మానేశారు. దొంగ అనే పేరుతో ఏ అడవికి పోవాలో తెలియక ఆ వారమంతా ఏడ్చింది.

నాలుగో శుక్రవారం వచ్చింది. తులశమ్మ బొట్లు పెట్టింది, తాళం తీసింది, నువ్వుండలు నింపింది. తలుపు మూసి కళ్లు తుడుచుకోబోతే వేలికి ఎర్రగా కుంకుమ కనబడింది. మీటల వంక చూసింది. ఆరు బొట్లు గుండ్రంగా ఉన్నాయి, నాలుగు చెదిరిపోయాయి.

"నా భక్తి తగలెయ్య! నాలుగంకెలూ నేనే చూపిస్తున్నానా?" అనుకుంది. ఆ నాలుగింటినీ అటూ ఇటూ మార్చి నొక్కితే, ఇరవై నాలుగు సార్లలో తాళం తెరుచుకుని తీరుతుంది.

తులశమ్మ ఇంటికి పరుగెత్తి గోరింటాకు నూరి కుంకుమలో కలిపింది. పాత బొట్లన్నీ తుడిచి, చేతికి అంటకుండా పుల్లతో కొత్త బొట్లు పెట్టింది. రహస్యంలో లేని నాలుగు మీటల మీద బొట్లు కావాలనే చెరిపింది.

మర్నాడు సభకి వచ్చి, "మహారాజా, పెట్టె నిండుగా ఉంది. అందరినీ ఒక్కసారి చేతులు చాపమనండి," అంది.

అందరూ చాపారు. నక్క మాత్రం చేతులు తోక కింద దాచుకుంది. రాజు గట్టిగా గదమాయిస్తే బయటికి తీసింది. వేళ్లన్నీ ఎర్రగా పండి ఉన్నాయి.

"ఏమయ్యా మంత్రీ, పేరంటానికి గాని వెళ్లొచ్చావా?" అన్నాడు రాజు.

నక్క తోక ముడిచింది. ఆ పూటే అడవి దాటింది.

"పొరపాటు నాదే తులశమ్మా, విచారించకుండా నిన్ను అనుమానించాను," అన్నాడు రాజు సింహాసనం దిగి వచ్చి. తులశమ్మ అక్కడే చతికిలబడి, "హమ్మయ్య," అని మనసారా ఊపిరి పీల్చుకుంది. ఆ సాయంత్రం పక్క కొమ్మ వాళ్లు సిగ్గుపడుతూనే వచ్చి పలకరించారు.

వడ్రంగిపిట్ట కూడా తగ్గి, మూడుసార్లు తప్పు నొక్కితే రోజంతా తెరుచుకోకుండా తాళాన్ని సరిచేసింది. తులశమ్మ భక్తి ఏమీ తగ్గలేదు. కాకపోతే బొట్టు ఇప్పుడు పెట్టె నెత్తిన పెడుతోంది.

కాబట్టి పిల్లలూ, తాళం గట్టిదని మురిసిపోయే ముందు, మన అలవాట్లు దొంగకి దారి చూపిస్తున్నాయేమో చూసుకోవాలి.