దూడ వయసు అడగని డాక్టరు

గుండ్లవాగుకి అవతల అడవి, ఇవతల పొలాలు. ఇవతలి గొడ్లన్నీ కలిసి ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నాయి. దాని పేరు 'గుండ్లవాగు పాడి బృందం'. గొడ్లకి ఫోన్లేమిటని నన్నడగకండి. రోజంతా నెమరేస్తూ పడుకునేవాళ్లకి ఫోన్ ఎందుకు పనికొస్తుందో మీకు నేను చెప్పాలా?

గ్రూపుకి పెద్ద, పుల్లన్న అనే ముసలి ఎద్దు. ఎవరైనా దూడకి జబ్బు చేసిందని రాస్తే చాలు, నాలుగు ప్రశ్నలు వేసేవాడు. "వయసెంత? ఏం తింటోంది? పేడ ఎట్టా ఉంది? ఎన్నాళ్ల నుంచి?" ముందు నమస్కారం ఉండదు, బాగున్నారా అన్న పలకరింపు ఉండదు. దొంగను కూర్చోబెట్టి వాంగ్మూలం రాసుకున్నట్టు ఉండేది అతని వరస. అందుకని అతనంటే సగం మందికి గిట్టదు.

మేక చెంచమ్మకి తెలిసిన మందు ఒక్కటే, వాము. కడుపునొప్పికీ వామే, కాలు విరిగినా వామే. గాడిద గంగులుకి చదువు రాదు. ఎవరేం రాసినా కింద చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకునేవాడు. ఈనిందన్న కబురుకీ అదే దండం, చనిపోయిందన్న కబురుకీ అదే దండం. ఎవరైనా మాట్లాడి పంపితే మాత్రం చెవులు నిక్కించుకుని మూడేసి సార్లు వినేవాడు.

ఈ మధ్యే చేరినాయన డాక్టర్ దయానిధి. ఫోటోలో తెల్లటి ఆవు, పక్కన దూడ. పొద్దున్నే ఒక పూలబొమ్మ పంపి, దాని కింద 'అందరి బిడ్డలూ చల్లగా ఉండాలి' అని రాసేవాడు. ఆయన ఏ ఊరివాడో, ఎవరి దొడ్లో ఉంటాడో పుల్లన్నతో సహా ఎవరూ అడగలేదు. రోజూ పూలు పంపే మనిషిని పట్టుకుని నువ్వెవరివని అడిగితే ఏం బాగుంటుంది? నేను చెబుతాను, వినండి. ఆయన వాగు అవతలి నక్క.

ఇక బోడెమ్మ సంగతి. కొమ్ముల్లేని గేదె, పాలు దండిగా ఇస్తుంది. రెండు కాన్పులు అయ్యాయి, రెండు దూడలూ నెల తిరక్కుండానే పోయాయి. ఆ రెండింటి ఫోటోలూ పుట్టిన రోజునే గ్రూపులో పెట్టింది. 'ఎంత ముద్దుగా ఉందో' అని అందరూ రాశారు. ఆ ముద్దుమాటలే దిష్టి కొట్టి తన పిల్లల్ని తీసుకుపోయాయని ఆమె గట్టి నమ్మకం. అందుకే మూడోసారి ఆడదూడ పుడితే ఎవరికీ చెప్పలేదు. మెడలో నల్లతాడు కట్టి, గడ్డివామి వెనక దాచి పెంచుకుంటోంది.

ఇరవయ్యో రోజున ఆ దూడ పాలు తాగడం తగ్గించింది. పొట్ట డప్పులా ఉబ్బింది. అడక్కపోతే దూడ పోతుంది, అడిగితే దిష్టి తగులుతుంది. బోడెమ్మ ఒక ఉపాయం చేసింది. తలా తోకా కనిపించకుండా ఒక్క పొట్ట మాత్రమే ఉండేట్టు ఫోటో తీసి, 'మా చుట్టాలావిడ దూడ. ఎనిమిది నెలలు. పొట్ట ఉబ్బింది, ఏం చెయ్యాలి?' అని గ్రూపులో పెట్టింది.

పక్క ఊరి ఆబోతు ఒకడు వెంటనే 'ధర ఎంత?' అని రాశాడు. వాడు ఏ ఫోటో కనబడినా అదే రాస్తాడు. చెంచమ్మ 'వాము' అని రాసింది. గంగులు దండం పెట్టాడు. 'బతికున్న బిడ్డకి అప్పుడే దండం పెట్టేశాడేంది వీడు!' అని బోడెమ్మ పళ్లు కొరికింది.

తర్వాత పుల్లన్న నాలుగు ప్రశ్నలూ వచ్చాయి.

బోడెమ్మకి ఒళ్లు మండింది. రాసే ఓపిక లేక మాట రికార్డు చేసి పంపింది. "ఎనిమిది నెలలని రాశాగా అన్నా. గడ్డి తింటోంది. పేడ బాగానే ఉంది. అయినా మా చుట్టాలావిడ దూడ పేడతో నీకేం పని?"

పుల్లన్న జవాబు పొట్టిగా వచ్చింది. 'పచ్చిగడ్డి ఎక్కువ తిని ఉంటుంది. మేత ఆపి రెండు పూటలా నడిపించండి.'

బోడెమ్మ అలాగే నడిపించింది. ఇరవై రోజుల పసిగుడ్డు అది! రెండో రోజు గడ్డివామి దగ్గర కాళ్లు మడతబడి కూలబడింది, ఎంత లేపినా లేవలేకపోయింది. బోడెమ్మకి తాను చెప్పిన అబద్ధం గుర్తుకి రాలేదు. పుల్లన్న చెప్పిన సలహాయే గుర్తుకొచ్చింది.

"కావాలనే చెప్పాడు" అంది చెంచమ్మతో.

చెంచమ్మ గొంతు తగ్గించింది. "నాకెప్పటి నుంచో అనుమానమే వదినా. ఎవరి దూడ వయసెంతో, ఎక్కడ కట్టేస్తారో వాడికెందుకు? అడిగిందంతా ఎక్కడో రాసి పెట్టుకుంటాడంట."

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? నాకు అనిపించింది."

ఆ సాయంత్రమే డాక్టర్ దయానిధి బోడెమ్మ ఒక్కదానికే విడిగా కబురు పెట్టాడు. 'చెల్లెమ్మా, పొట్ట చూడగానే నాకు అర్థమైంది. నువ్వేమీ చెప్పక్కర్లేదు. వాళ్లంతా అడిగి అడిగి నీ ప్రాణం తోడేస్తున్నారు. నేను ఒక్క మాట కూడా అడగను. అది దిష్టి.'

అమ్మయ్య, ఒక్కరైనా కనుక్కున్నారని బోడెమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

విరుగుడు కూడా ఆయనే చెప్పాడు. 'ఆదివారం మిట్టమధ్యాహ్నం, వాగులో తుమ్మచెట్ల కింద బురదమడుగు ఉందిగా, అక్కడ దూడని పడుకోబెట్టు. తలమీదుగా గోనెపట్టా కప్పు. కప్పి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చెయ్. చూశావా, దిష్టి నీ వెంటే ఇంటికొస్తుంది. గంట తర్వాత దూడే గెంతుతూ నీ దగ్గరికి వస్తుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పకు. ఆ గ్రూపులోంచి కూడా బయటికొచ్చెయ్, అక్కడి కళ్లు మంచివి కావు.'

బోడెమ్మ ఆ క్షణమే గ్రూపు వదిలేసింది.

పుల్లన్న అది చూసి ముఖం మాడ్చుకున్నాడు. సలహా ఇచ్చినందుకు ఇదా మర్యాద అనుకున్నాడు. వదిలేస్తే వదిలేసిందని గడ్డి మీద పడుకున్నాడు. అంతలో గంగులు ఆయాసపడుతూ వచ్చాడు.

"పెద్దాయనా, బోడెమ్మ మాట్లాడి పంపిందే, అది సరిగ్గా విన్నావా?"

"విన్నా. నా పేడ ప్రశ్న మీద పడి ఏడ్చింది."

"ఆమె మాట కాదయ్యా, ఆమె వెనకమాల ఇంకో గొంతుంది. ఇదిగో, విను." గంగులు ఫోన్ అతని చెవి దగ్గర పెట్టాడు. బోడెమ్మ కోపం వెనక ఎక్కడో సన్నగా ఒక అరుపు వినిపించింది.

"దూడ" అన్నాడు పుల్లన్న.

"దూడే. ఎనిమిది నెలల దూడ అట్టా అరుస్తుందా? నేను నాలుగుసార్లు విన్నా. అది పాలు తాగే పసిదాని గొంతు. చుట్టాలావిడ దూడైతే ఈమె పక్కన ఎందుకుంటది?"

పుల్లన్న ఇంకేమీ అడగలేదు. పసిదూడని నడిపించమని తానే చెప్పాడు. అది తలుచుకునేసరికి నోట్లోని గడ్డి చేదయింది. లేచి రెండు చేలు అడ్డంబడి బోడెమ్మ దొడ్డికి నడిచాడు. గంగులు వెంట వెళ్లాడు.

బోడెమ్మ గడ్డివామికి అడ్డంగా నిలబడింది. "ఏం కావాలి? మళ్లీ పేడ చూడ్డానికొచ్చావా?"

పుల్లన్న నోట్లోకి ప్రశ్నలు వచ్చేశాయి. కానీ మింగేసుకున్నాడు. "బాగున్నావా అమ్మా?" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అనడం అతనికి అదే మొదలు.

బోడెమ్మ దానికి సిద్ధంగా లేదు. తిట్టడానికి నోరు తెరిచింది. ఏడుపు వచ్చేసింది. "బాగాలేను అన్నా. నా బిడ్డే. ఇరవై రోజులది. మూడోది కూడా పోయేట్టుంది."

"పాలు తాగుతోందా?"

"తగ్గించింది."

"పేడ?"

ఈసారి ఆమె కోప్పడలేదు. "తెల్లగా, బంకబంకగా. ఒకటే వాసన."

"మట్టి నాకుతోందా?"

"నీకెట్టా తెలుసు?"

"దిష్టి కాదమ్మా, నట్టలు. కడుపులో పాములు పడ్డాయి. గేదెదూడలకి తల్లి పాలలోనే వచ్చేస్తాయి. నట్టల మందు పట్టిస్తే పడిపోతాయి." పుల్లన్న కాస్త ఆగాడు. "మొదటి ఇద్దరికీ కూడా ఇట్టాగేనా?"

"ఇట్టాగే" అంది బోడెమ్మ.

ఆ మాటకి ముగ్గురూ తలలు దించుకున్నారు. దూడలు పోయినప్పుడు ఎలా పోయాయో ఎవరూ అడగలేదు. అందరూ దండాలు పెట్టి ఊరుకున్నారు. అందులో గంగులు దండమూ ఉంది.

"గంగులూ, పశువుల ఆసుపత్రికి పో. ఇరవై రోజుల దూడని చెప్పు. వయసు చెప్పకుండా మందు తెచ్చావో, నీ చెవులు పీకుతా."

గంగులు అప్పటికే దొడ్డి దాటేశాడు. అంతలో బోడెమ్మ ఫోన్ మోగింది. 'చెల్లెమ్మా, రేపే ఆదివారం. మర్చిపోకు. గోనెపట్టా జాగ్రత్త.'

"ఎవరీ అన్నగారు?" అన్నాడు పుల్లన్న.

బోడెమ్మ దాచకుండా అంతా చెప్పింది. "నీలాగా కాదన్నా, దేవుడిలాంటివాడు."

"దూడ వయసెంతని అడిగాడా?"

"లేదు."

"ఎవరి దూడని?"

"లేదు."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఏమీ అడగలా. అందుకే గదా నాకు నచ్చింది."

"నయం చేసేవాడికి వయసు తెలియకపోతే మందు కొలతే తేలదమ్మా. ఏ వయసైనా ఫర్వాలేదు, తెచ్చి పడుకోబెట్టి వెనక్కి చూడకుండా పొమ్మన్నాడంటే, వాడికి కావాల్సింది నయం చెయ్యడం కాదు."

బోడెమ్మ పరుగెత్తి వెళ్లి దూడని నాకడం మొదలుపెట్టింది. పుల్లన్న ఇంకా ఫోన్ వంకే చూస్తున్నాడు. మెల్లగా అతని మొహంలో నవ్వు మొదలైంది.

"వయసు అడగలేదు కాబట్టి, మనం ఏ వయసుదాన్నైనా పంపించవచ్చు. మీ అన్న గండయ్య ఎక్కడున్నాడు?"

గండయ్య దున్నపోతు. ఫోన్ బురదలో పోగొట్టుకున్నప్పటి నుంచి సుఖంగా ఉన్నాడు. రోజూ వెళ్లి పడుకునేదీ ఆ బురదమడుగులోనే. కాబట్టి అతన్ని ఒప్పించడం కష్టం కాలేదు.

ఆదివారం మిట్టమధ్యాహ్నం నక్క తుమ్మచెట్ల వెనక నుంచి తొంగి చూసింది. అటు చూసింది, ఇటు చూసింది. గాలి వాసన పట్టింది. నక్కకి ఎవరిమీదా నమ్మకం ఉండదు మరి. బురదలో గోనెపట్టా, దాని కింద నుంచి నల్లగా ఉబ్బెత్తుగా ఒక పొట్ట. అచ్చం ఫోటోలో ఉన్నట్టే. తల గోనె కింద, కాళ్లు బురదలో, ఏవీ కనబడవు. దూరంగా బోడెమ్మ వెనక్కి చూడకుండా వెళ్లిపోతోంది.

"ఫోటోలో కంటే నిండుగానే ఉన్నావే తల్లీ!" అని నక్క మురిసిపోయి, ఒక్క గెంతులో ఆ పొట్ట మీదకెక్కి పళ్లు దింపింది.

గోనెపట్టా కింద నుంచి బొంగురు గొంతు వినిపించింది. "డాక్టరుగారూ, నాకు పదకొండేళ్లు. మీరు అడగలేదు గానీ, చెప్పడం మర్యాద."

నక్కకి దిగడానికి సమయం చిక్కలేదు. గండయ్య బురదతో సహా లేచాడు. ఒక్క కొమ్ము విసురుకి డాక్టర్ దయానిధి గాల్లోకి లేచి, వెల్లకిలా తుమ్మముళ్ల కంపలో పడ్డాడు.

మందు పడిన మూడో రోజుకి దూడ కడుపులోంచి పాములు పడిపోయాయి. నాలుగో రోజు లేచి తల్లి పొదుగుని తలతో గుద్దింది. బోడెమ్మ మళ్లీ గ్రూపులో చేరింది. ఈసారి తల నుంచి తోక దాకా దూడ మొత్తం కనిపించేట్టు ఫోటో పెట్టింది. బుగ్గన కాటుక చుక్క మాత్రం పెద్దదే పెట్టింది. కింద 'నా బిడ్డ. ఆడది. ఇరవై ఆరు రోజులు. నట్టలు పడ్డాయి, మందు పట్టించాం' అని రాసింది. గంగులు దండం పెట్టాడు. బోడెమ్మ ఈసారి తిరిగి దండం పెట్టింది.

దయానిధిని గ్రూపులోంచి తీసెయ్యమని చెంచమ్మ గోల చేసింది. "ఉండనీ" అన్నాడు పుల్లన్న.

రెండు రోజుల తర్వాత, ఒళ్లు మంటకి తట్టుకోలేక, దయానిధి ఒక ఫోటో పెట్టాడు. తలా తోకా లేకుండా, నిండా ముళ్లు దిగిన వీపు మాత్రమే ఉంది. 'మా చుట్టాలాయనకి ముళ్లు గుచ్చుకున్నాయి. ఏం చెయ్యాలి?'

పక్క ఊరి ఆబోతు 'ధర ఎంత?' అని రాశాడు. చెంచమ్మ 'వాము' అంది. పుల్లన్న ముందు నమస్కారం పెట్టాడు. తర్వాత నాలుగు ప్రశ్నలు రాశాడు. 'మీ చుట్టాలాయన వయసెంత? ఏం తినబోయాడు? ఎక్కడ? ఏ ఆదివారం?'

డాక్టర్ దయానిధి గ్రూపు నుంచి వెళ్లిపోయారు.

మీ గ్రూపులో కూడా ఉంటారు చూసుకోండి: విసిగించేట్టు ప్రశ్నలడిగేవాడిని కాదు, ఏమీ అడక్కుండా తియ్యగా సాయానికొచ్చేవాడిని ముందు అనుమానించాలి.