కాగితపు పూల గౌరి కథ

అక్షతలు చేతబట్టి, పసివాండ్రను ఒడిలో కూర్చుండబెట్టుకొని ఈ కథ వినవలెను.

దాల్భ్య మహాముని ఒకనాడు జాబాలి మహర్షికి నమస్కరించి, ఎండకు పూలు పూయని నేలలో స్త్రీలు గౌరీదేవిని దేనితో పూజింతురనియు, వాసన లేని పువ్వును ఆ తల్లి స్వీకరించునా యనియు అడిగెను. జాబాలి నవ్వి ఇట్లు చెప్పెను.

రాతిగుట్టల నడుమ కంకరపాడు అను ఊరు కలదు. వైశాఖమందు అచ్చట పువ్వన్నది కనబడదు. అందుచేత ఆ ఊరి ఆడువారు పలుచని కాగితములకు పసుపు, నీలిమందు అద్ది, రేకులు కత్తిరించి, గంజితో వెదురుపుల్లలకు అంటించి, గుత్తి కట్టి గౌరికి సమర్పించుచుండిరి. ఇంటనున్న ఆడువారందరు తలా ఒక పువ్వయినను చేయుట ఆ వ్రతమునకు నియమము.

ఆ ఊరిలో పేరిందేవి అను నేతగాని యిల్లాలు ఉండెను. ఆమె కత్తెర తగిలిన కాగితము చేమంతి యగుచుండెను. అత్త గురవమ్మకు మాత్రము చేతులు వణకుచుండెను. ఒక యేడు పేరంటమునకు వచ్చిన పొరుగింటామె అత్తగారి పువ్వును చూచి, "ఇది తామరా, తొక్కిన తమలపాకా వదినా?" అని నవ్వగా, పేరిందేవి సిగ్గుతో తల వంచుకొనెను.

మరుసటి వైశాఖమున ఆమె అటకమీది గుత్తిని దించి, అత్త చేసిన పువ్వును ఊడదీసి, దుమ్ము దులిపి పీటమీద పెట్టెను.

"ఈ యేడు నువ్వు కూర్చోనక్కర్లేదు అత్తా. నిరుటి గుత్తి చెక్కుచెదరలేదు."

"సరేలే తల్లీ," అని గురవమ్మ, తాను అప్పటికే కలిపి ఉంచిన పసుపునీళ్లను పెరటిలో పారబోసెను.

ఆ పూట ఒక ముత్తైదువ వచ్చి, ఆ గుత్తి ఎప్పుడు చేసినదని అడిగెను. నిరుడు చేసినదనియు, వాడిపోలేదు గనుక మరల చేయలేదనియు పేరిందేవి చెప్పెను.

"అయితే నాకూ నిరుటి అన్నమే పెడతావా అమ్మా?" అని, ఆమె వాయనము పుచ్చుకొనకయే వెడలిపోయెను.

నాటినుండి ఆ యింట మగ్గముమీద దారము నిలువదాయెను. నేసిన చీరలకు చిమటలు పట్టెను. గురవమ్మ మంచము పట్టి అన్నము మానెను. పేరిందేవి భయపడి, ఒంటరిగా కూర్చుండి నూరు పూలతో కొత్త గుత్తి కట్టి సమర్పించెను. అయినను అత్త నోటికి మెతుకు పోలేదు.

ఇది విని దాల్భ్యుడు ఉండబట్టలేక, ఇంత చిన్న తప్పునకు తల్లి అంత కోపించునా అని అడిగెను. అది కోపము కాదనియు, పెద్దచేతిని ప్రక్కకు నెట్టిన యింట అమ్మవారికి కూర్చుండ చోటు దొరకలేదనియు జాబాలి చెప్పెను.

ఒకనాడు గంజి త్రాగింపబోయిన పేరిందేవి, అత్త చేయి దుప్పటి అంచును రేకులవలె మడచుచుండుట చూచెను. ఆమెకు కన్నీరు ఆగలేదు. వెంటనే కాగితము, కత్తెర తెచ్చి మంచముమీదనే కూర్చుండెను.

"నాకెందుకే ఇప్పుడు. నలుగురూ నవ్వుతారు," అనెను గురవమ్మ.

"నవ్వితే నవ్వనీ అత్తా. నూరు పూలు చేశాను. నూటొకటోది నాకు చేతకాలేదు."

కోడలు కాగితము పట్టుకొనగా అత్త కత్తిరించెను. రేకులు వంకరగానే వచ్చెను. పేరిందేవి ఆ పువ్వును గుత్తి నడుమ నిలిపి హారతి ఇచ్చెను. గురవమ్మ కన్నులకద్దుకొని, "ఆకలేస్తోందే," అనెను. పిమ్మట మగ్గము ఆడెను, గాదె నిండెను.

కావున ఈ వ్రతమును అత్తలు, కోడండ్రు, కూతుండ్రు, పూలు దొరకని ఊళ్లవారు చేయవలెను. మగవారు చేసినను దోషము లేదు. గుత్తిని మరుసటి యేటికి దాచక, మూడవనాడు నీట విడువవలెను. చేయి ఆడనివారు ఇంట నున్నచో ప్రక్కన కూర్చుండి చేయింపవలెను. ఇట్లు చేసినవారి యింట పొయ్యి ఆరదు, బిడ్డలు చల్లగా నుందురు. ముదిమిలో వారిని పిలువక ఆ యింట ఏ పూజయు మొదలుకాదు.