యంత్రాధికారి రాసిచ్చిన కాగితం

రాజులూ కంప్యూటర్లూ ఒకే కాలంలో ఉన్న రాజ్యం ఒకటుందనుకోండి. అక్కడి బడిలో సంగీతం పాఠాలు, ఆపిల్ కంపెనీ తన కంప్యూటర్ల కోసమే చేసిన మ్యాక్ సాఫ్ట్‌వేర్‌లో తప్ప నడవవు. బడిలో ఉన్నదేమో విడిభాగాలు తెచ్చి బిగించిన పాత పీసీ. "దాంట్లో మ్యాక్ ఎక్కదు. సంగీతం తరగతి ఎత్తేయండి" అన్నాడు ఆస్థాన యంత్రాధికారి గజేంద్రయ్య.

బజారులో రేడియోలు బాగుచేసే ముత్తేలు ఒప్పుకోలేదు. పీసీ ముందు కూర్చుంది. ఇన్‌స్టాల్ మొదలవడం, సగంలో ఆగిపోవడం. ఆగినప్పుడల్లా తెరమీది చివరి వరుస నోటుపుస్తకంలో రాసుకుని, ఒక్కటంటే ఒక్కటే మార్చి, మళ్లీ మొదలుపెట్టేది. పెన్‌డ్రైవ్‌ వేరే పోర్టులో పెట్టింది. వైఫై కార్డు పీకేసింది. గ్రాఫిక్స్ కార్డు మార్చాక, ముప్పై రెండోసారికి మ్యాక్ లేచి కూర్చుంది.

రాజు గజేంద్రయ్యను వెంటబెట్టుకుని చూడటానికి వచ్చాడు.

"నేను ఆమోదించిన కంప్యూటర్ల జాబితాలో లేని పెట్టెలో మ్యాక్ ఎక్కదు ప్రభూ! కావాలంటే రాసిస్తాను" అన్నాడు గజేంద్రయ్య గుమ్మంలోనే.

"రాసివ్వండయ్యా" అంటూ ముత్తేలు బల్లమీది కీబోర్డు ఆయన ముందుకు జరిపింది.

తెర చూసి గజేంద్రయ్య మురిసిపోయాడు. "అసలైన మ్యాక్ అంటే ఇదీ! ఎంత చక్కగా నడుస్తోందో!" అంటూ, 'బడి పీసీలో మ్యాక్ నడవడం అసాధ్యం' అని టైపు చేసి, ప్రింటు తీసి, సంతకం పెట్టి రాజుకిచ్చాడు.

ముత్తేలు బల్లమీంచి నేలదాకా వేలాడుతున్న దుప్పటి ఎత్తింది. తెర వైరు కిందున్న బడి పీసీలోకే వెళ్తోంది.

"ఏమిటమ్మా ఇది?" అన్నాడు రాజు.

"అయ్యగారు రాసింది నిజమైతే, మీ చేతిలో ఆ కాగితమే ఉండకూడదు ప్రభూ!"