గోరువంక దిద్దిన తప్పు

కొండ కింద బీడులో రేగుముళ్ల కంచె వేసిన ఒక దొడ్డి ఉండేది. తల్లులు మేతకు పోతూ దూడల్నీ మేకపిల్లల్నీ అందులో వదిలి వెళ్లేవి. దాని పెత్తనం గవరమ్మ అనే గేదెది. తలుపు దగ్గర పొద్దున కాపలా రాజ్యం అనే గోరువంకది, మధ్యాహ్నం నూకయ్య అనే గాడిదది. వచ్చినవాళ్లు గుర్తుమాట చెబితేనే గడియ తీయాలి. ఆ మాట ఎప్పుడూ ఏదో ఒక పువ్వు పేరే. ఆ సంగతి బీడులో అందరికీ తెలుసు, చివరికి నక్కకు కూడా.

రాజ్యం మంచి పనిమంతురాలే. కాకపోతే ఎదుటివాళ్లు ఒక్క మాట తప్పు పలికినా దిద్దకుండా ఉండలేదు. అక్కడే వచ్చింది చిక్కంతా.

ఒకరోజు పొద్దున కంచె అవతల నుంచి ఎవరో ఆయాసపడుతూ పిలిచారు.

“రాజ్యమ్మగారూ, గవరమ్మగారు పంపారండి. వాగుకు నీళ్లొస్తున్నాయట, పిల్లల్ని మెరక మీదికి తోలుకు రమ్మన్నారు. ఆలస్యమైతే నన్ను కొమ్ములతో ఎత్తి పడేస్తారు.”

“గుర్తుమాట చెప్పు.”

“గన్నేరు కదండీ?”

“గన్నేరేంటి నీ మొహం. సంపెంగ.”

“అదే, సంపెంగ. నా మతిమరుపు మండా. మీరు చెప్పబట్టి సరిపోయింది. ఇంతమంది పిల్లల్ని ఒక్కదాన్నే తోలలేను, తోడు తీసుకుని వస్తాను.”

అడుగుల చప్పుడు దూరమైంది. రాజ్యం కంచె మీదికెక్కి చూస్తే పొదల్లోకి పోతున్న నక్క తోక కనిపించింది. మాట అడగాల్సింది తనే, చెప్పిందీ తనే.

ఎవరికీ చెప్పకుండా ఊరుకుందామా అనుకుంది. మనమైతే అనుకోమా ఏమిటి? నక్క మళ్లీ వస్తే నేను తలుపు తీయను, అంతే కదా అని సర్దిచెప్పుకుంది. కానీ అది మధ్యాహ్నం వస్తే? మాట సరిపోతే చాలు, నూకయ్య గడియ తీసేస్తాడు. లోపల పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. రాజ్యం ఇక ఆలోచించలేదు. గడియ గట్టిగా ఉందని చూసుకుని వాగు మడుగుకేసి ఎగిరింది.

“గవరమ్మక్కా, నోరు జారాను. నక్కకి గుర్తుమాట చెప్పేశాను.”

మడుగులోంచి లేస్తూ గవరమ్మ, “తలుపు తీశావా?” అని అడిగింది.

“లేదు.”

“అయితే ఇంకా టైముంది. వెంటనే వచ్చి చెప్పావు, నీ మేలు మర్చిపోను. నడు.”

పక్కనే మేస్తున్న మేక మంగాయమ్మ ఊరుకోలేదు. “మేలా? దీన్ని కాపలాలోంచి తీసెయ్యక మెచ్చుకుంటావేంటక్కా?”

“ఇవాళ దీన్ని తిడితే, రేపు ఇంకొకరు నోరు జారి ఆ సంగతి కడుపులో దాచుకుంటారు. అప్పుడు నీ పిల్లల గతి ఏంటే?”

మంగాయమ్మ కూడా వాళ్ల వెంట దొడ్డికి నడిచింది.

మాట మార్చారు. ఈసారి అది పువ్వూ కాదు, కాయా కాదు. నూకయ్య చెవిలో కొత్త మాట వేసి, నక్క సంగతంతా చెప్పారు. మధ్యాహ్నం నక్క తన చుట్టాలందరితో దిగింది.

“సంపెంగ,” అంది దర్జాగా.

నూకయ్య కదల్లేదు.

“కాదా? మల్లె కామోసు. పోనీ మొగలి? సరైనదేదో మీరైనా చెప్పండి బాబాయ్, పెద్దవారు.”

“చెప్పాల్సింది నువ్వు, వినాల్సింది నేను. నా కొలువు అంతవరకే,” అని నూకయ్య గొంతెత్తి ఓండ్ర పెట్టాడు. కంచె చాటున కాచుకున్న తల్లుల కొమ్ములన్నీ ఒక్కసారి లేచాయి. నక్కల గుంపు కొండెక్కేదాకా వెనక్కి చూడలేదు. మాట దొంగిలించిన నక్క కొమ్ము దెబ్బకు కుంటుతూ అందరికంటే వెనక పోయింది.

సాయంత్రం మంగాయమ్మ తన పిల్లల్ని ఒళ్లంతా నాకి, రాజ్యం దగ్గరికి వచ్చింది. “ముప్పు నీ వల్లే వచ్చింది, నీ వల్లే తప్పింది. మొదటిది మర్చిపోతాను. రెండోది మాత్రం ప్రాణమున్నంతవరకు గుర్తుంచుకుంటాను.”

రాజ్యం ముక్కుతో గవరమ్మ వైపు చూపించింది. “అక్క కసిరే రకమైతే నేను మడుగుదాకా వచ్చేదాన్నే కాదు మంగాయమ్మా. దండం పెట్టాలంటే ఆవిడకి పెట్టు,” అంది.

నీతి: గుర్తుమాటైనా పాస్‌వర్డైనా, నోరు జారినవాళ్లు దాచకుండా చెప్పాలి, విన్నవాళ్లు కసరకుండా మెచ్చుకోవాలి.