దొడ్డిలో పల్లపు చోటు

మా అమ్మమ్మగారి దొడ్డిలో జరిగిందని మా ఇంట్లో చెప్పుకునే మాట ఇది.

కొట్టం ఒకటే గానీ నేల ఏటవాలు. మెరక మీద గిత్త సూరన్న చోటు. కాళ్ల కింద పొడినేల, ముందు ఉలవల తొట్టి. పల్లంలో గేదె కారెమ్మ, ఆమె దూడ. పైనుంచి జారే వాననీళ్లూ పేడనీళ్లూ అక్కడికే చేరేవి. ఎవరినీ కట్టేసేవారు కాదు. అయినా మేతనుంచి రాగానే ఎవరి చోట్లో వాళ్లు నిలబడేవారు. అది తాతలనాటి వరస.

వానలు పట్టాయి. దూడకు గిట్టల మధ్య పుండ్లు లేచాయి. నిరుడు వానల్లో పెద్దదూడ ఇలాగే కుంటి, పడుకుని, మళ్లీ లేవలేదు. ఇదీ అలాగే పోతుందేమోనని కారెమ్మ భయపడింది. పెంటదిబ్బ వెనకుండే నక్క వైద్యుణ్ణి పిలిపించింది.

నక్క దూరంనుంచే చూశాడు. "ఇది రక్తంలో ఉన్న జబ్బు కారెమ్మా. మీ జాతి గిట్టలే అంత. సూరన్నగారివి చూడు, అద్దాల్లా లేవూ!"

"మందేమైనా..."

"పుట్టుకకు మందేముంటుంది తల్లీ? దేవుడి మీద భారం వేసెయ్."

సూరన్న నెమరు ఆపి తల ఊపాడు. "మా వంశంలో కుంటినవాడే లేడు."

అరుగుమీద ఆకు నములుతున్న మేక తాయమ్మ అంతా విన్నది. నిరుడు చచ్చిన దూడను దిబ్బమీద పడేశాక ఎవరి పొట్ట నిండిందో ఆమెకు తెలుసు.

"అయితే వైద్యుడుగారూ, సూరన్న బావగారు ఎక్కడ నిలబడ్డా ఆ గిట్టలకు ఢోకా లేదంటారు?"

"ముమ్మాటికీ."

"బురదలోనైనా?"

నక్క తడబడ్డాడు. కాదంటే ఎదురుగా సూరన్న కొమ్ములు. "బురద ఆయన్నేం చేస్తుంది!"

"మరింకేం బావగారూ, వానలు వెలిసేదాకా పల్లంలో నిలబడి చూపించండి. భయమైతే వద్దులెండి."

"భయమా? నాకా?" సూరన్న చరచరా దిగి పల్లంలో నిలబడ్డాడు. "కారెమ్మా, పిల్లదాన్ని తీసుకుని పైకి పో."

కారెమ్మ జంకింది. "వరస తప్పితే ఎలా వదినా?"

"నీకు వరస కావాలా, దూడ కావాలా?" అంది తాయమ్మ.

పొడినేల మీద దూడ పుండ్లు ఎండాయి. తొట్టి అడుగున ఉలవలు నాకి గంతులు కూడా మొదలుపెట్టింది. పల్లంలో సూరన్న గిట్టలు నాని, మెత్తబడి, చీలాయి. ఒక పొద్దున కాలు ఎత్తలేకపోయాడు. నక్కకు కబురు వెళ్లింది.

"ఇదేమిటయ్యా?"

నక్క గొంతు సవరించుకున్నాడు. "బహుశా మీ అమ్మగారి వైపు ఎవరికైనా..."

"మా అమ్మ జోలికొస్తే కుమ్మేస్తా!"

నక్క దిబ్బ వెనక్కి ఒకటే పరుగు. తాయమ్మ నవ్వు ఆపుకుంటూ అంది: "రక్తం అప్పుడూ అదే, ఇప్పుడూ అదే బావగారూ. మారింది మీ కాళ్ల కింద నేల."

సూరన్న తల వంచి ఆ బురదను చూశాడు. "కారెమ్మా, ఇన్నేళ్లూ ఇందులోనే పడుకున్నావా?"

"పడుకుంటే పొదుగు పుండవుతుందయ్యా. నిలబడే ఉన్నాను."

 సూరన్న కుంటుతూనే గోడవారకు వెళ్లి, కొమ్ములతో నేల కుమ్మి, నీళ్లు చేలోకి పోయేలా కాలువ తీశాడు. కారెమ్మ మూతితో మట్టి తోసింది. నాలుగు ఎండలు కాసేసరికి పల్లం ఆరింది.

నక్క ఆ వానకాలమంతా దూడకోసం కాచుక్కూర్చుని, చివరికి ఎండ్రకాయలతో సరిపెట్టుకున్నాడు.

నీతి: కాలు పుచ్చినవాడి పుట్టుకను తప్పుపట్టే ముందు, వాణ్ణి నిలబెట్టిన నేలను చూడాలి.