పేష్కారు తోలలేని ఆవు

వెలగకోట మల్లభూపతికి ఓ ఉదయం ఉన్నట్టుండి వైరాగ్యం పుట్టింది. అంతకుముందు పది రోజులు ఎవరో స్వాములవారి పురాణం విన్నాడు లెండి. మనిషి పడుకోవడానికి చాపెడు చోటు చాలదా అని స్వాములవారు అడిగిన చోట రాజుగారు కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడు.

"ఇకమీదట మన కొలువులో ఎవరికీ పెద్ద ఇళ్ళు ఉండకూడదు. తలా ఒక రెండు గదుల ఇల్లు, అంతే," అని సభలో చెప్పేశాడు.

"మరి ప్రభువులవారికి?" అన్నాడు కథలు చెప్పే బుచ్చన్న. అడక్కుండా ఉండలేడు, అదీ అతని జబ్బు.

"మాకు తప్పుతుందా బుచ్చన్నా? ఇంత కోటనీ, అందులో నలభై నెమళ్ళనీ మేమే భరించాలి," అని రాజు నిట్టూర్చాడు. సభంతా పాపం అన్నట్టు తలలూపింది.

ఏనుగుల సాల వెనక ఇళ్ళు వరసగా లేచాయి. వాటి మీద పెత్తనం పేష్కారు సింగరాయుడిది. ఒకసారి నిండు సభలో బుచ్చన్న అతని మీసాన్ని అరిగిపోయిన చీపురుతో పోల్చాడు. సింగరాయుడు అది మరిచిపోలేదు.

"ఈ ఇళ్ళు ప్రభువులవి. మీరు ఊరికే ఉండేవాళ్ళు. గోడకు మేకు కొట్టాలన్నా నన్నడగాలి," అని అందరికీ చెప్పి, బుచ్చన్న వైపు తిరిగాడు. "ఇంకో సంగతి. జంతువులు ఉండకూడదు. ఉన్నవాటిని బందెలదొడ్డికి తోలేస్తాం."

ఆ దెబ్బ బుచ్చన్న కోసమే. ఇంట్లో ముగ్గురున్నారు మరి. గంగ అనే ముసలి ఆవు, భైరవుడనే ఒంటికన్ను కుక్క, రంభ అనే పిల్లి. రంభ ఎటు పోతే భైరవుడు అటు. భైరవుడు ఎటు పోతే గంగ అటు. మేతకు బయల్దేరినా అదే వరస. ఊరు ఊరంతా చూసి నవ్వుకునేది.

బందెలదొడ్డి అంటే ఊరి మీద పడ్డ పశువుల్ని కట్టేసే చోటు. అక్కడ మేత ఉండదు, నీడ ఉండదు. గంగ అక్కడ వారం కూడా బతకదని బుచ్చన్నకు తెలుసు. ఆ మాట తలుచుకుంటేనే అతనికి ఏడుపొచ్చింది.

"ఏమండీ, అవి బందెలదొడ్డికి పోతే నేనూ అక్కడికే పోతాను. మీరు ఆ రెండు గదుల్లో ఒక దాంట్లో పడుకుని, ఇంకో దాంట్లో కథలు చెప్పుకోండి," అంది అతని భార్య పేరిందేవి.

బుచ్చన్న ఒక పూటంతా అరుగు మీద కూచుని ఆలోచించాడు. తర్వాత లేచి వెళ్ళి రాజుగారిని గృహప్రవేశానికి పిలిచాడు. తన వైరాగ్యం ఎలా కాపురం పెడుతోందో చూడాలని రాజుకూ సరదాగానే ఉంది. కొలువు మొత్తం వెంటబెట్టుకుని వచ్చాడు.

ముహూర్తం దగ్గరపడింది. పేరిందేవి పాలగిన్నె పట్టుకుని నిలబడింది. బుచ్చన్న మాత్రం గడప ముందు చేతులు కట్టుకుని కదలడు.

"లోపలికి పోవేం?" అన్నాడు రాజు.

"ఆవు ముందు పోవాలి కదా ప్రభూ. ఆవు పోకూడదని పేష్కారుగారి ఆజ్ఞ. ఆవు పోనిదే మేం పోకూడదని శాస్త్రం. ఇక్కడే బాగుంది, గాలి కూడా వస్తోంది."

పురోహితుడు అవునన్నాడు. రాజు సింగరాయుడి వైపు చూశాడు. సింగరాయుడు మీసం దువ్వాడు.

"దానికేం ప్రభూ. ఆవు లోపలికి పోతుంది. పాలు పొంగగానే నేనే కర్ర పట్టుకుని బయటికి తోలతాను."

గంగ గడప దాకా వచ్చి ఆగిపోయింది. నెట్టారు, లాగారు. భైరవుడు పోనిదే అది పోదు. భైరవుడేమో రంభ పోనిదే పోడు. రంభ అరుగు మీద కాళ్ళు చాపుకుని పడుకుంది. ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు గోల పెట్టాడు. సింగరాయుడు విసుక్కుని, తనే రంభను ఎత్తి గడప లోపల పడేశాడు. చెయ్యంతా గీరించుకున్నాడు. వెనకే భైరవుడు, ఆ వెనక గంగ, అందరి తర్వాత బుచ్చన్న దంపతులు.

పాలు పొంగాయి. సింగరాయుడు కర్ర ఎత్తాడు.

"ఒక్క మనవి," అన్నాడు బుచ్చన్న. "గృహప్రవేశం నాడు ఆవుతో పాటు ఇంట్లోకి ఎవరొస్తారంటారు, పంతులుగారూ?"

"సాక్షాత్తూ లక్ష్మీదేవి."

"ఇల్లెవరిది, పేష్కారుగారూ?"

"ప్రభువులది," అన్నాడు సింగరాయుడు. అనేశాక నాలుక కరుచుకున్నాడు.

బుచ్చన్న పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

"అయితే కానివ్వండి. ప్రభువుల ఇంట్లోంచి లక్ష్మిని కర్ర పెట్టి తోలండి. మేం చూస్తాం."

కర్ర గాల్లోనే ఆగిపోయింది. రాజు ముఖం పాలిపోయింది.

"ముందు ఆ కర్ర దించు," అన్నాడు రాజు.

"ఆవు ఉండనీ ప్రభూ," అని సింగరాయుడు గొణిగాడు. "ఆ కుక్కనైనా..."

"కుక్క బయటికొస్తే ఆవు ఆగుతుందా? ఇప్పుడే కదా అందరం చూశాం," అన్నాడు బుచ్చన్న.

"పోనీ పిల్లిని..."

"పిల్లి వస్తే కుక్క వస్తుంది. అయినా దాన్ని స్వహస్తాలతో ఎత్తుకెళ్ళి లోపల పెట్టింది తమరే."

రాజుకు నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. వైరాగ్యం కాస్తా అక్కడే జారిపోయింది. కొలువంతా ఘొల్లుమంది.

"బుచ్చన్నా, ఇంటి వెనక ఖాళీ దొడ్డి నీదే. పాక వేయిస్తాను, ముగ్గురూ హాయిగా తిరుగుతారు. రోజూ రెండు మోపుల గడ్డి కోట నుంచి వస్తుంది. మోసుకొచ్చేది..." అని రాజు ఇంకా కర్ర పట్టుకునే నిలబడ్డ సింగరాయుడి వైపు తిరిగాడు.

పేరిందేవి గడపలోంచి తల బయటపెట్టింది.

"పచ్చిగడ్డి తెండి, అన్నయ్యగారూ. లక్ష్మీదేవికి ఎండుగడ్డి పడదు."