చుక్కల తాబేళ్ళు, తిప్పక్క తమ్ముడు

ఊఁ కొడతావు కదూ? కొట్టకపోతే మధ్యలోనే ఆపేస్తా. దుప్పటి కాళ్ళమీదికి లాక్కో. ఇక విను.

అనగనగనగా, వాన చుట్టపుచూపుగా వచ్చిపోయే ఒక ఊళ్ళో తిప్పక్క అని ఒకావిడ ఉండేది. అనంతపురం అవతల, ఎండిపోయిన ఏటి ఒడ్డున ఆ ఊరు. ఎటు చూసినా ఇసుక దిబ్బలే. ఎడారే అనుకో. ఆ దిబ్బల్లో తిప్పక్క మేకలు మేపుకునేది. ఆవిడకి మొగుడు లేడు, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఒక్క తమ్ముడు, హనుమంతు. వాళ్ళమ్మ పోయేనాటికి వాడు పాలు తాగే పిల్లాడు. చంకన వేసుకుని అక్కే పెంచింది.

ఆ దిబ్బల్లో తాబేళ్ళుండేవి. నీళ్ళలోవి కావమ్మా, మెట్ట తాబేళ్ళు. నల్లటి డిప్ప మీద పసుపుపచ్చగా చుక్కలు, చుక్కచుక్కకీ గీతలు, ముగ్గేసినట్టు. ఎండల్లో పొదల కింద దాక్కునేవి. తొలకరి పడగానే బయటికొచ్చి లేత గడ్డి కొరుక్కునేవి. "వచ్చినారా తల్లీ?" అని తిప్పక్క పలకరించేది. రోజంతా మాట్లాడే మనిషి లేని చోట, పాపం, అవే ఆవిడకి చుట్టాలు.

అప్పుడు వాటికి కష్టాలు మొదలయ్యాయి.

మొదట కాకులొచ్చాయి. చికెన్ అంగడాయన కోళ్ళ పేగులూ ఈకలూ దిబ్బల పక్కన పారబోసేవాడు. వాటికోసం వచ్చిన కాకులు తాబేలు పిల్లల రుచి మరిగాయి. రూపాయి బిళ్ళంత పిల్లలు, ఇంకా గట్టిపడని డిప్పలు. పొడిచి తినేసేవి. తిప్పక్క పార తీసుకుని తనే పెద్ద గుంట తవ్వింది. "తవ్వడం నా వంతు, పూడ్చడం నీ వంతు నాయనా" అంది. ఆయన సిగ్గుపడ్డాడు. ఆనాటినుంచి చెత్తంతా అందులోనే వేసి పూడ్చాడు.

ఆ తర్వాత ఇసుక ట్రాక్టర్లొచ్చాయి. తాబేళ్ళు గుడ్లు పెట్టే చోటు మీదుగానే బాట వేశాయి. తిప్పక్క తుమ్మకంప నరికి అడ్డం వేసింది.

"ఈ దోవ నీ అబ్బదా?" అని డ్రైవరు కేకలేశాడు.

"నాది కాదు, నీదీ కాదు. కింద గుడ్లున్నాయి. పాత బాటన పో నాయనా" అంది.

వాళ్ళు కంప లాగేస్తే ఆవిడ మళ్ళీ వేసేది. మళ్ళీ లాగితే మళ్ళీ. చేతుల నిండా ముళ్ళు. ఆఖరికి వాళ్ళకే విసుగొచ్చి పాత బాట పట్టారు.

మూడో కష్టం మాత్రం సొంత ఇంట్లోంచే వచ్చింది.

ఒకరోజు పొద్దున్నే ఇంటి వెనక శెనగకట్టె వామి దగ్గర, అదే మేకల మేత కుప్ప దగ్గర, ఏదో కదిలింది. పామేమో అనుకుని తిప్పక్క కట్టెతో కదిపింది. గోనెసంచులు! విప్పి చూస్తే ముప్పైనాలుగు తాబేళ్ళు. కాళ్ళు కదలకుండా గుడ్డలు చుట్టి ఉన్నాయి. మూడు అప్పటికే చచ్చిపోయాయి.

వెనకనుంచి హనుమంతు వచ్చాడు. "నావే అక్కా. సాయంత్రం బండొస్తుంది. పట్నంలో ఇళ్ళల్లో పెట్టుకుంటే అదృష్టమంట."

వాడి బోరు ఎండిపోయింది. పంట పోయింది. ఆ కష్టం అబద్ధం కాదని అక్కకీ తెలుసు.

"నోరులేనివక్కా, వాటికేం తెలుస్తుంది?" అన్నాడు వాడు.

తిప్పక్క ఒకదాని గుడ్డ విప్పి, నీళ్ళ పళ్ళెంలో పెట్టింది. చాలాసేపు అది తల బయటపెట్టలేదు. అప్పుడు మెల్లగా మెడ చాచి తాగింది, తాగింది, తాగుతూనే ఉంది.

"అమ్మ పోయినాక నువ్వూ ఇట్లే తాగినావురా. అప్పుడు నీకూ నోరు లేదు" అంది.

హనుమంతు తల దించుకున్నాడు. ఆవిడ ఫారెస్టు ఆఫీసుకి పోదాం పద అంది.

"నన్ను జైల్లో పెడతారక్కా!"

"పెడితే సంగటి తెచ్చిస్తా. పద."

వాడు కదల్లేదు. అప్పుడు ఆవిడ ఒక్కతే ఎండలో నాలుగు మైళ్ళు నడిచిపోయింది. దారి పొడుగునా ఏడ్చింది, కానీ వెనక్కి తిరగలేదు.

సాయంత్రం బండి వచ్చింది, కాపు కాసిన ఫారెస్టు గార్డమ్మకి బండివాళ్ళు దొరికిపోయారు. గార్డమ్మ అడిగితే హనుమంతు అబద్ధమాడలేదు. "పట్టింది నేనే" అన్నాడు. వాడినీ తీసుకెళ్ళారు. చెప్పినట్టే తిప్పక్క సంగటి పట్టుకుపోయింది. వాడు తిన్నాడు గానీ, మాట్లాడలేదు.

ఆ తర్వాత వాడు బయటికొచ్చాడు. అయినా మాట లేదు. ఎదురుపడితే మొహం తిప్పుకుని పోయేవాడు. మిగిలిన ముప్పైఒక్క తాబేళ్ళకీ వైద్యం చేయించి, గార్డమ్మ తొలకరికి దిబ్బల్లో వదిలింది. ఏ పొద కింద వదలాలో తిప్పక్కే చూపించింది. అవి నడిచిపోతుంటే సంతోషమే, కానీ తమ్ముడు పక్కన లేడే అని దిగులు.

ఇంకో ఏడాది గడిచింది. ఒకనాడు జల్లు పడుతుంటే తిప్పక్క మేకలు తోలుకుని రోడ్డెక్కింది. అక్కడ బస్సు ఆగి హారన్ కొడుతోంది. దాని ముందు ఎవరో రెండు చేతులూ చాపి నిలబడ్డారు. "ఆగు సామీ, ఆగు!" అంటున్నారు. చూస్తే హనుమంతు! వాడి కాళ్ళ ముందు ఒక చుక్కల తాబేలు, నింపాదిగా రోడ్డు దాటుతోంది.

వాడు అక్కని చూశాడు. ఈసారి మొహం తిప్పుకోలేదు.

"చూడక్కా, దీనికి బొత్తిగా తొందరే లేదు" అన్నాడు.

తిప్పక్క దగ్గరికెళ్ళి, కొంగుతో వాడి తడిసిన తల తుడిచింది.

మేకలేమో దొడ్డికి, తాబేలేమో పొదకి,
కథ పోయె కంచికి, మనమూ పోదాం నిద్దరకి.